పాత కోకో చెట్లు పీకించే ముందు ఒక్కసారి ఇది చదువు

ఒరేయ్ చిన్నా,

కొబ్బరి తోటలో కోకో అంతా పీకించేస్తానంటున్నావని మీ అమ్మ చెప్పింది. ఆగరా. 25 ఏళ్ల చెట్టుకి కాపు తగ్గిందంటే పనైపోయినట్టు కాదు, చాలావరకు నేల ఆకలి అది.

ముందు కత్తెర పట్టు. పైన కొమ్మలు కమ్ముకుని చీకటిగా ఉంటే ఎన్ని జీవన ఎరువులు వేసినా దండగే. ఎండుకొమ్మలు, కాండం మీంచి నిటారుగా లేచే నీటికొమ్మలు తీయించు, కానీ ఒకేసారి బోడి చెయ్యకు, నేరుగా ఎండ తగిలితే కాండం బెరడు మాడుతుంది, పూత వచ్చేది ఆ బెరడు మీదే కదా. నల్లబడి చెట్టుకే వేలాడుతున్న కాయలు కోసి తోట బయటికి మోయించు, కాయకుళ్లు వాటి నుంచే పాకుతుంది.

తర్వాత ట్రైకోడెర్మా, అంటే కుళ్లు తెగుళ్లని అణిచే మేలు శిలీంధ్రం. చాలామంది పొడి తెచ్చి పొడిగానే పాదులో చల్లేస్తారు, తినడానికేం లేక అది బతకదు. 100 కిలోల మాగిన గెత్తం, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి నీడన కుప్ప వేసి గోనెలు కప్పు, పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద కావాలి గానీ నీరు కారకూడదు, అంత తడి చాలు. రెండు వారాలకి గోనె ఎత్తి చూస్తే తెల్లటి బూజు మీద ఆకుపచ్చ పొడి అద్దినట్టు ఉంటుంది, తడిమట్టి వాసనొస్తుంది. కుళ్లు వాసనొచ్చిందా, గాలాడలేదన్నమాట, తిరగెయ్యి.

వానలు పడి నేల నానాక కాండానికి రెండడుగుల అవతల, రాలిన ఆకులు పక్కకి జరిపి ఈ ఎరువు వేసి మళ్లీ ఆకులు కప్పెయ్. తవ్వొద్దు, కోకో పీచువేళ్లు పైపైనే ఉంటాయి. ఆ ఆకులు ఊడ్చి తగలబెట్టడం మాత్రం ఇవాళే మానెయ్, సూక్ష్మజీవుల ఇల్లూ తిండీ అవే.

వామ్ అని, వేళ్లలో చేరి చెట్టుకి భాస్వరం అందించే శిలీంధ్రం ఉంది, అది వేస్తే వేళ్లకి తగిలేలా వెయ్, పైన చల్లితే పనిచెయ్యదు. ఆ పాదుల్లో డీఏపీ ఎరువు కుమ్మరించకు, భాస్వరం ఎక్కువైతే వేరు ఆ శిలీంధ్రాన్ని దగ్గరికి రానివ్వదు.

ఒక ఏడు నేనే తప్పు చేశాను. ఇదంతా వేసిన పది రోజులకే కాయకుళ్లు టెన్షన్‌తో పాదుల్లో బోర్డో మిశ్రమం, అదే రాగి ఉండే మైలుతుత్తం, సున్నం కలిపిన మందు, పోయించాను. రాగి తగిలాక ట్రైకోడెర్మా ఎక్కడుంటుంది, పడ్డ కష్టమంతా పోయింది. నువ్వు బోర్డో కొట్టాల్సొస్తే కాయల మీదే కొట్టించు, నేలకి కారనివ్వకు.

పొడి కొనేటప్పుడు తేదీ చూడు, ఎండలో పెట్టి అమ్మే సంచి ముట్టుకోకు. ఒకసారి అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానంలో కూడా కనుక్కో.

మొదట 20 చెట్లకి చేసి చూడు. కార్తీకంలో నేనొస్తాను, ఆకుల కింద చెయ్యి పెట్టి తెల్లటి పీచువేళ్లు ఎన్ని వచ్చాయో ఇద్దరం చూద్దాం, పీకించాలా వద్దా అప్పుడు మాట్లాడుకుందాం.

మీ పెదమావయ్య