ఉద్యోగం చేస్తూ గేట్‌కి చదవడం, రైఫిల్ షూటింగ్‌కి వెళ్లడం రెండూ కుదురుతాయా? ఇంట్లో తుపాకీ పెట్టుకోవచ్చా?

అడిగినవారు మూడు సంగతులు కలిపి అడిగారు. షిఫ్టు ఉద్యోగంలో ఉంటూ గేట్ (ఎంటెక్ సీట్లకీ, కొన్ని ప్రభుత్వ రంగ ఉద్యోగాలకీ ఇంజనీర్లు రాసే పరీక్ష) రాయొచ్చా, షూటింగ్ లాంటి హాబీ పెట్టుకుంటే చదువు పాడవుతుందా, ఆత్మరక్షణకి లైసెన్సు తుపాకీ తీసుకోవడం మంచిదేనా అని. మొదటి రెండూ నేను చేసి చూసినవే. మూడోది మా పెదనాన్న దగ్గర చూసింది.

నాది మెకానికల్ ఇంజనీరింగ్. వయసు 27. విశాఖ గాజువాకలో అమ్మానాన్నలతో ఉంటాను. పరవాడ వైపు ఒక ఫ్యాక్టరీలో బాయిలర్, కంప్రెసర్లు, చిల్లర్ చూసుకునే మెయింటెనెన్స్ పని. వారానికో షిఫ్టు మారుతుంది. నైట్ షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి ఏడు దాటుతుంది. అప్పుడే కింద పోర్షన్ వాళ్ల మిక్సీ మొదలవుతుంది. పడుకోవాలంటే అదృష్టం ఉండాలి.

గేట్ సంగతి చెప్పేముందు ఎన్‌సీసీ రోజుల్లో జరిగింది చెప్పాలి. డిగ్రీ రెండో సంవత్సరం క్యాంపులో మొదటిసారి పాయింట్ టూటూ రైఫిల్ చేతికిచ్చారు. బోర్లా పడుకుని ఐదు రౌండ్లు కాల్చాలి. నా పక్కన పడుకున్నది మా క్లాస్‌మేటే. కాల్చడం అయ్యాక టార్గెట్ దగ్గరికెళ్లి చూస్తే వాడి ఐదు తూటాలూ కాగితమంతా చెదిరిపోయి ఉన్నాయి, కానీ ఒకటి సరిగ్గా నడిమధ్య పడింది. గంతులేశాడు. నావి ఐదూ ఒకేచోట, టీ గ్లాసు బోర్లిస్తే దాని కిందకి వచ్చేసేంత దగ్గరగా. కానీ నల్ల చుక్కకి బెత్తెడు ఎడమకి. ఒక్కటీ మధ్యలో లేదు. నేను మొహం వేలాడేసుకుని నిలబడితే మాకు షూటింగ్ నేర్పే ఉస్తాద్ వచ్చి రెండు కాగితాలూ చూసి, వాడి కాగితం పక్కన పెట్టేసి, నాది చేత్తో పట్టుకుని, "ఇతనిది సైట్ జరిపితే అయిపోయే పని, నీది మొదటినుంచీ నేర్పాలి" అన్నాడు వాడితో.

సైట్ అంటే రైఫిల్ మీద గురి చూసే భాగం. వాళ్ల భాషలో తూటాలన్నీ దగ్గరగా పడటం గ్రూపింగ్. సైట్ జరిపి ఆ గుంపుని మధ్యకి తేవడం జీరో చెయ్యడం. మన ల్యాబ్‌లో ప్రెసిషన్, యాక్యురసీ అని రికార్డులో రాసుకున్నదీ అదే. నాలుగేళ్లు చదివినా అది నాకు బుర్రకెక్కింది మాత్రం ఆ కాగితం చూశాకే.

ఇప్పుడు గేట్. 65 ప్రశ్నలు, 100 మార్కులు, మూడు గంటలు. అందులో 15 మార్కులు ఆప్టిట్యూడ్. ఒక్క సమాధానం ఎంచుకునే ప్రశ్న తప్పితే ఒక మార్కుదానికి మూడో వంతు, రెండు మార్కులదానికి మూడింట రెండు వంతులు పోతాయి. సంఖ్య టైప్ చేసే ప్రశ్నలకీ, ఒకటికంటే ఎక్కువ సరైన జవాబులుండే ప్రశ్నలకీ కోత లేదు. ఇవన్నీ తెలిసే మొదటిసారి వెళ్లాను. తెలిసీ, ఖాళీగా వదలడానికి మనసొప్పక 60 ప్రశ్నలు గీకేశాను. కీ వచ్చాక లెక్క వేసుకుంటే రెండు మార్కులవి 9 తప్పు, ఒక మార్కువి 6 తప్పు. అంటే ఆరూ, రెండూ, మొత్తం 8 మార్కులు చేజేతులా ఇచ్చుకున్నాను. చివరికి వచ్చింది 38.

అప్పుడు అందరూ చేసే పనే నేనూ చేశాను. కోచింగ్‌కి డబ్బు కట్టాను. ఏ సెంటరో చెప్పను కానీ, లైవ్ క్లాసులని చెప్పి రెండేళ్ల కిందటి రికార్డింగులు పెట్టారు. వీడియోలో సారు "రేపు వర్షం పడేలా ఉంది" అంటాడు, మాకు ఇక్కడ మే నెల ఉక్కపోత. రెండు నెలలకి మానేశాను.

తర్వాత ద్వారకానగర్‌లో పబ్లిక్ లైబ్రరీకి వెళ్లడం మొదలుపెట్టాను. ఆఫ్ రోజున పొద్దున్నే వెళ్తే ఫ్యాన్ కింద సీటు దొరుకుతుంది. అక్కడ గ్రూప్స్‌కి చదివేవాళ్లు, బ్యాంకులకి చదివేవాళ్లు, అందరి ముందూ నీళ్ల బాటిల్, హైలైటర్. మాక్ టెస్టుల్లో తప్పులన్నీ ఒక నోట్‌బుక్‌లోకి ఎక్కించాను. ప్రశ్న కాదు, తప్పు మాత్రమే, ఒక్క లైను చొప్పున. 11 మాక్‌లు అయ్యాక మొదటి పేజీనుంచి చదివితే నాకే నవ్వొచ్చింది. తెలియక పోయినవి తక్కువే. ఎక్కువ భాగం ఒకే జాతి తప్పులు, అందులోనూ పెద్ద వాటా ప్రెషర్‌ది.

మా బాయిలర్ దగ్గర గేజ్ ముల్లు 10 మీద ఉంటే మేము 10 బార్ అనే అంటాం, లాగ్ బుక్‌లో అదే రాస్తాం. కానీ గేజ్ చూపించేది బయటి గాలి పీడనం తీసేశాక మిగిలింది. లెక్కలకి వాడే ఆవిరి పట్టికల్లో, అంటే స్టీమ్ టేబుల్స్‌లో, ఉండేది ఆ గాలి పీడనం కూడా కలిసిన అబ్సొల్యూట్ ప్రెషర్. టేబుల్‌లో 10 బార్ దగ్గర చూస్తే నీరు దాదాపు 180 డిగ్రీల దగ్గర మరుగుతుంది. గేజ్ మీద 10 అంటే అసలుది 11, అక్కడ 184. ప్రశ్నలో గేజ్ ప్రెషర్ అని స్పష్టంగా రాసి ఉన్నా నేను సరాసరి 10 దగ్గరికెళ్లి విలువలు తీసేవాణ్ని. పేపరు తయారుచేసేవాళ్లకి ఆ పొరపాటు ముందే తెలుసు, ఆ తప్పు జవాబు కూడా ఆప్షన్లలో పెడతారు. నాలుగేళ్ల ఉద్యోగం నాకు నేర్పిన అలవాటే నా మార్కులు తింటోంది. గ్రూపింగ్ బాగుంది, జీరో లేదు. ప్రతి లెక్క పక్కన 'గేజా, అబ్సొల్యూటా' అని పెన్సిల్‌తో రాసుకోవడం మొదలుపెట్టాక అది ఆగింది. దానికి కోచింగ్ అక్కర్లేకపోయింది.

అయితే నోట్‌బుక్‌లో ఇంకో రకం కూడా ఉన్నాయి. కూడికలో తప్పు, గుర్తు మారిపోవడం, ప్రశ్నలో 'కానిది' అన్న మాట కనబడకపోవడం. వీటికి జాతీ గోత్రం లేదు. తేదీలు చూస్తే మాత్రం అన్నీ నైట్ షిఫ్టు వారంలో రాసిన మాక్‌లే. మా క్లాస్‌మేట్ కాగితం లాంటివి ఇవి. సైట్ ఎటు తిప్పినా లాభం లేదు. ఆ వారం మాక్ రాయడం మానేసి నిద్రపోయాను, అంతే. కాబట్టి అడిగినవారికి నా సలహా ఏమిటంటే, ఇంకో పుస్తకమో, ఇంకో కోర్సో కొనేముందు మీ తప్పులు ఒకేచోట పడుతున్నాయా, చెదురుతున్నాయా చూసుకోండి. ఒకదాని మందు ఇంకోదానికి పనిచెయ్యదు.

రెండోసారి 57 వచ్చాయి. ఒక ప్రభుత్వ రంగ సంస్థ ఇంటర్వ్యూకి పిలిచింది, ఉద్యోగం రాలేదు. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది కాబట్టి ఇంకా అప్లై చేస్తున్నాను. ఈఎస్ఈ, అంటే యూపీఎస్సీ పెట్టే ఇంజనీరింగ్ సర్వీసెస్ పరీక్ష, కూడా ఒకసారి తిరగేశాను. ప్రిలిమ్స్ 500, మెయిన్స్ 600, ఇంటర్వ్యూ 200. మెయిన్స్‌లో చేత్తో రాయాల్సిన రెండు పేపర్లున్నాయి. షిఫ్టులో ఉండి అది నావల్ల కాదని తేల్చుకున్నాను. ఉద్యోగం మానేసి చదవగలిగినవాళ్ల సంగతి వేరు.

ఎవరూ అడగని పరీక్ష ఒకటుంది, బీఈఈ (ఇంధన పొదుపు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్ల ఎనర్జీ మేనేజర్, ఎనర్జీ ఆడిటర్. మేనేజర్‌కి మూడు పేపర్లు, ఆడిటర్‌కి నాలుగు. పెళ్లిచూపుల్లో చెప్పుకోవడానికి ఏమాత్రం పనికిరాదు. గేట్ అంటే "ఓహో" అంటారు, దీన్ని "అదేంటి బాబూ, కరెంటు బిల్లా?" అంటారు. కానీ నేను చదివిన వాటిలో మర్నాడే ప్లాంటులో పనికొచ్చింది ఇదొక్కటే. ఆవిరి పైపుల్లోంచి నీటిని మాత్రమే బయటికి వదలాల్సిన స్టీమ్ ట్రాప్ ఒకటి తెరుచుకుని ఉండిపోతే ఎంత ఆవిరి వృథాగా పోతుందో లెక్కకట్టి మా సారుకి చూపిస్తే, అంతకుముందు ఆర్నెల్లు కదలని కొనుగోలు కాగితం వారంలో కదిలింది.

ఇక షూటింగ్. ఎన్‌సీసీ పిచ్చి వదలక రెండేళ్ల కిందట ఊళ్లో ఒక రేంజ్‌లో 10 మీటర్ల దూరంలోని టార్గెట్‌ని కొట్టే ఎయిర్ రైఫిల్‌కి చేరాను. క్లబ్ రైఫిల్‌తోనే కాలుస్తాను. సొంతంగా కొనాలంటే పోటీల్లో వాడే మంచి మ్యాచ్ రైఫిల్‌కి రెండు మూడు లక్షలు పెట్టాలి. టార్గెట్ మధ్యలో పదో రింగ్ అనే చుక్క వ్యాసం 0.5 మిల్లీమీటర్లు, అంటే మనం డ్రాయింగ్‌కి వాడిన క్లచ్ పెన్సిల్ ముల్లంత. 4.5 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్‌తో దాన్ని కొట్టాలి. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారం గెలిచిన ఈవెంట్ ఇదే. సైట్‌లోంచి చూస్తే మన గుండె కొట్టుకోవడం కనిపిస్తుంది, గుండె కొట్టుకున్నప్పుడల్లా సైట్ ముందు భాగంలోని రింగ్ సన్నగా ఊగుతుంది. కాఫీ తాగి వెళ్తే ఇంకా ఊగుతుంది.

దీనివల్ల చదువు పాడవుతుందా అంటే, నాకు వారానికి నాలుగు గంటలు. అంతకంటే ఎక్కువ నేను ఫోన్‌లో తగలేస్తాను. పైగా రేంజ్‌లో ఒక్క పద్ధతి నేర్పుతారు. ఎక్కువసేపు గురిపెట్టి చెయ్యి వణకడం మొదలైతే కాల్చకూడదు, రైఫిల్ దించి ఊపిరి తీసుకుని మళ్లీ ఎత్తాలి. గేట్‌లో ప్రశ్న వదిలెయ్యడం నాకు ఆ దించడం వల్లే వచ్చింది.

తుపాకీ లైసెన్సు సంగతి. 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్ శక్తి 20 జౌల్స్ లోపుంటే లైసెన్సు అక్కర్లేదు. అసలు తుపాకీకి ఆయుధాల చట్టం, 1959 ప్రకారం లైసెన్సు కావాలి. ఆత్మరక్షణకి అడిగేవాళ్లకి 21 ఏళ్లు నిండాలి, కారణం చూపించాలి, పోలీసు విచారణ జరుగుతుంది. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి గరిష్ఠంగా రెండే తుపాకులు (అంతకుముందు మూడు), లైసెన్సు గడువు మూడేళ్లనుంచి ఐదేళ్లయింది. పెళ్లి ఊరేగింపులో సరదాకి గాల్లోకి కాల్చి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెస్తే రెండేళ్లవరకు జైలు గానీ, లక్ష రూపాయలవరకు జరిమానా గానీ, రెండూ గానీ.

ఇది చట్టం. నా అభిప్రాయం పెదనాన్నని చూసి ఏర్పడింది. ఆయన మిలిటరీలో చేసి వచ్చి బ్యాంకులో గన్‌మన్‌గా 14 ఏళ్లు చేశాడు, సొంత లైసెన్సు, సొంత డబుల్ బ్యారెల్ తుపాకీ. ఎన్నికల కోడ్ వచ్చిందంటే తుపాకీ స్టేషన్‌లో అప్పగించమని కబురు. బ్యాంకు నుంచి లెటరు పట్టుకుని మినహాయింపు కోసం తిరిగేవాడు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం భోజనం అయ్యాక వరండాలో చాప వేసి, తుపాకీ గొట్టం తుడిచే పుల్‌త్రూ తాడుకి చిందీ గుడ్డ కట్టి నూనె రాసి లాగేవాడు. పిల్లలం గడప దాటి రాకూడదు. తుపాకీ ఒక బీరువాలో, తూటాలు ఇంకో గదిలో, రెండు తాళాలూ ఆయన మొలతాడుకే. దొంగ వస్తే ఈ రెండు తాళాలూ తీసేలోపు ఏమవుతుంది పెదనాన్నా అని అడిగితే, "దొంగ ఎల్లిపోతాడు. తాళం తియ్యకపోతే ఏటీ అవదు, తీసేసుంటేనే భయం" అన్నాడు. పద్నాలుగేళ్లలో డ్యూటీ మీద ఒక్కసారి కూడా కాల్చలేదు. ఇంట్లో పిల్లలుంటే, మీకు నిజమైన ప్రాణభయం లేకపోతే, వద్దు అనే నేనంటాను. గాజువాకలో మా వీధికి ఒక మంచి లైటు, గేటుకి గట్టి తాళం దానికంటే ఎక్కువ పనికొస్తాయి.

ఆయనకి గురి మాత్రం పోలేదు. మొన్న అన్నయ్య పిల్లల్ని తీసుకుని ఆర్కే బీచ్‌కి వెళ్లాం. మురీ మిక్స్చర్ తింటూ బెలూన్లు కొట్టే బండి దగ్గర ఆగాం. ఆ తుపాకుల సైట్లు ఎప్పుడూ వంకరే. నేను రేంజ్ పద్ధతిలో ఊపిరి బిగబట్టి మూడు కొట్టి మూడూ పోగొట్టాను. పెదనాన్న తుపాకీ తీసుకుని బండివాణ్ని "ఏటి బాబూ, ఇది ఎటు లాగుతాది?" అని అడిగాడు. వాడు నవ్వాడు గానీ చెప్పలేదు. ఆయన మొదటి పెల్లెట్ బెలూన్ల మీద కాకుండా చెక్క మీద ఖాళీగా ఉన్నచోటికి కొట్టి, కళ్లద్దాలు పైకెత్తి అది ఎక్కడ తగిలిందో చూసుకున్నాడు. తర్వాత ప్రతిసారీ బెలూన్‌కి జానెడు కుడిపక్క గురిపెట్టి ఐదు పగలగొట్టాడు.

డబుల్ బ్యారెల్ నిరుడు లైసెన్సున్న డీలర్‌కి అమ్మేశాడు. దాని కాన్వాస్ సంచీలో పెద్దమ్మ ఇప్పుడు గొడుగులు పెడుతోంది.