హిమానీనదం రాళ్లను ఎలా మోస్తుంది? హైదరాబాద్ గుండ్లు కూడా దాని పనేనా?

మీరు అడిగినవి రెండు: మంచు అంతంత బండల్ని ఎలా మోస్తుంది, హైదరాబాద్ గుట్టల మీద ఒకదానిపై ఒకటి నిలబడ్డ గుండ్లు కూడా అలా వచ్చినవేనా అని.

రెండోదానికి జవాబు చిన్నది. కావు. ఆ గుండ్లు ఎక్కడినుంచీ రాలేదు. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు అది. పగుళ్ల వెంట నీరు దిగి, అంచులు మెత్తబడి, ఆ మట్టి కొట్టుకుపోగా మిగిలిన గట్టి భాగాలే ఈ గుండ్లు. కింది బండా పైనున్న గుండూ ఒకే రాయి. మంచు దూరం నుంచి తెచ్చిపెట్టిన బండకు తరచు కింది నేలతో పోలికే ఉండదు.

ఇక మొదటిది. నేను దగ్గరగా చూసింది గంగోత్రి హిమానీనదాన్ని. గంగోత్రి గుడి నుంచి దాని కొస అయిన గోముఖ్ దాకా దాదాపు 18 కిలోమీటర్ల నడక. ఫొటోల్లోని తెల్లటి మంచునది కోసం వెతికితే నిరాశే. కింది భాగమంతా రాళ్లూ బూడిదరంగు మట్టీ. మంచు కనిపించేది పగుళ్లలోనూ, భాగీరథి బయటికొచ్చే ఆ గోడలోనూ. గోముఖ్‌కి పైనున్న తపోవన్ మైదానానికి వెళ్లాలంటే ఆ రాళ్ల మీదుగానే హిమానీనదాన్ని దాటాలి. మా గైడు పొద్దున్నే దాటించేశాడు. ఎండెక్కితే రాళ్ల కింది మంచు కరిగి బండలు జారతాయి, ఆ చప్పుడు ఎటునుంచో వినబడుతూనే ఉంటుంది.

ఈ రాళ్లు మంచులోకి చేరే దారులు రెండు. పక్క కొండల పగుళ్లలో నీరు గడ్డకట్టి, ఉబ్బి, బండల్ని విడగొడుతుంది. అవి మంచు మీద పడతాయి. అడుగునేమో మంచు నేల రాతికి అతుక్కుని గడ్డకట్టి, ముక్కల్ని పెకలించుకుపోతుంది. ఆ ముక్కలే మళ్లీ కింది రాతిని గీరుతూ పోతాయి. అలా రాలిన మెత్తటి పొడి వల్లే అక్కడ భాగీరథి నీళ్లు బూడిదరంగులో ఉంటాయి.

దించడం దగ్గర చాలామందికి ఒక సందేహం: గోముఖ్ ఏటా వెనక్కి పోతోంటే రాళ్లు ముందుకెలా వస్తాయి? వెనక్కి పోయేది కొస ఒక్కటే. లోపలి మంచు తన బరువుకు ఎప్పుడూ పల్లానికి కదులుతూనే ఉంటుంది, కొస దగ్గర కరుగుదల అంతకంటే ఎక్కువైంది. సింగరేణిలో బొగ్గు మోసే బెల్టును తలచుకోండి: దాని చివర ఉన్నచోటే ఉంటుంది, కింద కుప్ప మాత్రం పెరుగుతుంది. అలాగే కొస చాలాకాలం ఒకేచోట నిలిస్తే అక్కడ అడ్డంగా గట్టు లేస్తుంది. పక్కల వెంట కూడా గట్లు మిగులుతాయి. వీటినే మొరైన్లంటారు. తపోవన్ వైపు ఆ పక్కగట్టు అంచు ఇప్పటి మంచు కంటే చాలా ఎత్తున కనిపిస్తుంది. ఒకప్పుడు మంచు అంత మందాన ఉండేదన్నమాట.

నది అయితే రాళ్లను అరగదీస్తుంది, పరిమాణాన్ని బట్టి వేరుచేస్తుంది. మంచుకు ఆ పట్టింపు లేదు. ఇల్లంత బండనీ, గులకరాయినీ, మెత్తటి మట్టినీ కలగలిపి ఒకేచోట దించేస్తుంది. అందుకే మొరైన్ గట్టిగా కనిపించే వదులు కట్ట. కేదార్‌నాథ్ పైన చోరాబారీ సరస్సును ఆపి ఉంచింది అలాంటి గట్టే. భారీ వానలకు అది 2013 జూన్ 17 ఉదయం తెగిపోయింది.

ఈ కలగలుపే తెలుగు నేల మీదా మంచు ఆనవాలు పట్టించింది, గోదావరి లోయలో. సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట ఈ నేల గోండ్వానా ఖండంలో భాగంగా దక్షిణ ధ్రువం వైపు ఉండేది. తాల్చేర్ పొరలని పిలిచే అప్పటి రాతి పొరల్లో బండలూ బురదా కలిసే రాయిగా మారాయి. మన సరిహద్దు దాటి చంద్రపూర్ దగ్గర ఇరాయ్‌లోనైతే వాటి కింది సున్నపురాతి మీద మంచు గీసిన గీతలు కూడా ఉన్నాయి. సింగరేణి బొగ్గు పొరలు ఆ తాల్చేర్ పొరలకు పైన ఉంటాయి, మంచు పోయాక పెరిగిన అడవుల నుంచి ఏర్పడినవి.