మబ్బును కాదు, రాయిని చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. ఆకాశం అదిరింది, గోపురం మాత్రం దిష్టిబొమ్మలా నల్లగా నిలబడిపోయింది. మబ్బు కమ్మగానే అందరి కళ్ళూ దాని మీదే ఉంటాయి. ఎంత గొప్ప మబ్బయినా, రాతి మీద వెలుగు పడకపోతే ఆ ఫోటో వాతావరణ వార్త పక్కన వేసుకోవడానికే పనికొస్తుంది.

నీకు కావలసింది వాన వెలిసే సాయంత్రం. తూర్పున ఇంకా నల్లమబ్బు ఉంటుంది, పడమట కిందుగా సన్నటి సందు తెరుచుకుంటుంది. అందులోంచి ఎండ పడిన ఆ కాసేపు తడిరాయి రంగు చిక్కబడి, చెక్కడపు ప్రతి గాడిలోనూ నీడ నిలుస్తుంది. అందుకని గోపురానికి పడమటి వైపున, ఎండ నీ భుజం మీదుగా ఏటవాలుగా వెళ్ళేలా నిలబడు. ఎండ సరిగ్గా వీపు వెనక నుంచి వస్తే నీడలు మాయమై గోపురం చదునుగా కనిపిస్తుంది. సూర్యుడు 42 డిగ్రీల కన్నా కిందికి దిగి ఉంటే ఇంద్రధనుస్సుకూ అవకాశముంది. అది నువ్వు కదిలితే నీతోపాటే కదులుతుంది కాబట్టి, నాలుగడుగులు పక్కకు జరిగి దాన్ని గోపురం పక్కకు తెచ్చుకోవచ్చు.

నల్లమబ్బును చూసి కెమెరా మోసపోతుంది, వెలుగు పెంచేసి రాయిని తెల్లగా మాడ్చేస్తుంది. ఎండ పడిన రాతి మీదే వెలుగు కొలుచుకో. ఫోనయితే తెర మీద రాయి కనిపించే చోట వేలు పెట్టి, వెలుగు కాస్త తగ్గించు.

కెమెరా పైకెత్తితే గోపురం వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. దూరం జరిగి, కెమెరాను నిటారుగా పట్టుకుని తియ్యి. కింద మిగిలే నేలను తరవాత కత్తిరించుకోవచ్చు, గోపురం ప్రతిబింబం పడే నీటి గుంట ఉంటే అదీ అక్కర్లేదు. ఆ వాలును కంప్యూటర్లో సరిచేస్తే అంచులు కొంత పోతాయి కనుక చుట్టూ ఖాళీ వదులు. పాత కట్టడాలన్నీ నిటారుగా ఉండవని కూడా గుర్తుంచుకో. పీసా గోపురం ఇప్పటికీ సుమారు 4 డిగ్రీలు వాలే ఉంది, దాన్ని నిలబెట్టే పని నీది కాదు!

మెరుపుల సరదా జోలికి ఆరుబయట వెళ్ళకు. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లు లేకపోతే పిడుగు నీ దాకా రాగల దూరంలో ఉన్నట్టే. ట్రైపాడ్ అక్కడే వదిలేసి పక్కా భవనంలోకి వెళ్ళు, చెట్టు కిందా గోపురం మొదట్లోనూ నిలబడకు. చివరి ఉరుము వినిపించాక అరగంట ఆగి గాని బయటికి రాకు. మెరుపు కావాలంటే రాత్రిపూట, దూరంగా ఏ గది కిటికీ వెనకో ట్రైపాడ్ పెట్టి, ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 100, ఎఫ్/8 (లెన్స్ రంధ్రం కొలత)తో, ఒక్కో ఫోటోకు పదేసి సెకన్లు షట్టర్ తెరిచి ఉండేలా వరసగా తీస్తూ ఉండు.

వేరే ఫోటోలోని ఆకాశాన్ని తెచ్చి అతికించే పని మాత్రం వద్దు. ఎండ ఒక దిక్కునా నీడలు మరో దిక్కునా ఉంటే దొంగతనం దొరికిపోతుంది.

చాలా స్మారక కట్టడాల గేట్లు సూర్యాస్తమయానికే మూసేస్తారు, ట్రైపాడ్‌కు విడిగా అనుమతి అడిగేవీ ఉన్నాయి. ముందురోజే వెళ్ళి కనుక్కుని, గేటు బయట కూడా ఒక చోటు చూసిపెట్టుకో. ఈసారి దిద్దని అసలు ఫైళ్ళే పంపు.

ఇట్లు,
బాబాయి