కొత్త థ్రస్టర్లను చిన్న ఉపగ్రహాల్లోనే ఎందుకు పరీక్షిస్తారు?

గాలి తీసేసిన శూన్య గదిలో పరీక్షించిన థ్రస్టర్‌ను, అంటే ఉపగ్రహాన్ని కక్ష్యలో నెట్టే చిన్న ఇంజిన్‌ను, మళ్లీ చిన్న ఉపగ్రహంలో పంపడం ఎందుకని నల్లగొండ డిగ్రీ విద్యార్థి ఒకరు అడిగారు. ఎంత మంచి గదిలోనైనా కొంత వాయువు మిగిలిపోతుంది, థ్రస్టర్ వెదజల్లే ప్లాస్మా (విద్యుదావేశం ఉన్న వాయువు) గది గోడలను తాకుతుంది కనుక అక్కడి కొలతలు కక్ష్యలోని పనితీరుకు అచ్చంగా సరిపోవు. ఇక ఖరీదైన పెద్ద ఉపగ్రహంలో కొత్త యంత్రాన్ని పెట్టే సాహసం సాధారణంగా ఎవరూ చేయరు.

2020 నవంబరులో ప్రయోగించిన ఒక చిన్న చైనా ఉపగ్రహంలో ఫ్రాన్స్ సంస్థ థ్రస్ట్‌మీ తన అయోడిన్ థ్రస్టర్‌ను నడిపింది. అందులో ఇంధనంగా వాడే అయోడిన్ ఘనపదార్థం కాబట్టి అధిక పీడనపు ట్యాంకు అక్కరలేదు, వేడిచేస్తే ఆవిరవుతుంది. ఆ థ్రస్టర్ నెట్టే బలం ఒక మిల్లీన్యూటన్‌కు అటూఇటూ, అంటే సుమారుగా మిర్యాలగూడ సన్నబియ్యం పది గింజల బరువు. అయినా గంటకు పైగా నెడితే ఇరవై కిలోల ఉపగ్రహం ఎత్తు కొన్ని వందల మీటర్లు మారుతుంది, ఆ మార్పును భూమి నుంచే కొలవవచ్చు.