స్క్రీన్ తిరుగుతుంది, 360 వీడియో తిరగదేం?

ప్రశ్న: సార్, ఈమధ్య తక్కువ రేటులో ఒక ఫోన్ తీసుకున్నాను. అడ్డంగా పట్టుకుంటే స్క్రీన్ తిరుగుతుంది, అడుగులూ లెక్కపెడుతుంది, కానీ 360 డిగ్రీల వీడియో పెట్టుకుని నేను చుట్టూ తిరిగితే బొమ్మ కదలదు, వేలితో జరపాల్సిందే. షాపులో అడిగితే "దీంట్లో జైరో లేదండి" అన్నారు. మరి స్క్రీన్ ఎలా తిరుగుతోంది?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: షాపతను చెప్పింది నిజమే అయ్యుంటుంది. స్క్రీన్ తిరగడానికి జైరోస్కోప్ (జైరో, ఫోన్ ఎటు ఎంత తిరుగుతోందో కొలిచే చిప్) అక్కర్లేదు, యాక్సిలరోమీటర్ (కుదుపునీ, నేల ఎటుందో దాన్నీ పసిగట్టే చిప్) చాలు. ముందు ఒక పని చేయండి, ఆటో రొటేట్ ఆన్ చేసి ఫోన్‌ని టేబుల్ మీద వెల్లకిలా పెట్టి, పైకి లేపకుండా అలాగే గుండ్రంగా తిప్పండి. స్క్రీన్ తిరగదు!

ఎందుకంటే, యాక్సిలరోమీటర్ చిప్‌లో సన్నటి స్ప్రింగులకి వేలాడే చిన్న సిలికాన్ ముక్క ఉంటుంది, దానికి దువ్వెన పళ్లలాంటివి ఉంటాయి, అవి కదలని ఇంకో దువ్వెన పళ్ల మధ్యలో దూరి ఉంటాయి. బస్సులో సడన్ బ్రేకేస్తే నిలబడ్డవాళ్లు తూలినట్టు ఫోన్ కదిలితే ఈ ముక్క తూలుతుంది, పళ్ల మధ్య సందు మారుతుంది, దాంతో కెపాసిటెన్స్ (ఆ పళ్ల మధ్య విద్యుత్ ఛార్జ్ పట్టే సామర్థ్యం) మారుతుంది, చిప్ కొలిచేది దాన్నే. ఫోన్ ఊరికే ఉన్నా భూమి లాగుతూనే ఉంటుంది కాబట్టి 9.8 (మీ/సె², అంటే భూమి గురుత్వ త్వరణం) దగ్గర రీడింగ్ వస్తుంది (చేతిలోంచి జారి పడుతున్నంతసేపు సున్నా దగ్గరికి వస్తుంది, ఇది మాత్రం చేసి చూడకండి). అంటే నేల ఎటుందో దానికి తెలుసు, అంతే. టేబుల్ మీద ఎంత తిప్పినా నేల అటే కదా. పక్కకి తిరిగి పడుకుని చూస్తుంటే స్క్రీన్ అడ్డం తిరిగి విసిగించేదీ ఇందుకే, మీ మొహం ఎటుందో దానికేం తెలుసు. అడుగుల లెక్కా దీని పనే, గతుకుల రోడ్డు మీద ఆటోలో వెళ్తే నాలుగు అడుగులు కలిపేస్తుంది కూడా.

మీరు నిలబడి చుట్టూ తిరగడం అచ్చం టేబుల్ మీద ఫోన్ తిప్పడంలాంటిదే. అక్కడ జైరో కావాలి. 1852లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఫూకో ఆ పేరు పెట్టింది గిర్రున తిరిగే చక్రానికి, ఫోన్‌లో చక్రం గిక్రం ఏమీ ఉండదు, ఇక్కడా సిలికాన్ ముక్కే, సెకనుకి వేలసార్లు అటూఇటూ ఊగుతుంటుంది, ఫోన్ తిరిగితే ఆ ఊపు పక్కకి లాగుతుంది. తిరిగే రంగులరాట్నం పలక మీద మధ్యలోంచి అంచుకి నడిస్తే ఎవరో పక్కకి తోసినట్టుంటుందే, అదే, కొరియాలిస్ ఎఫెక్ట్.

కొన్ని ఫోన్లు యాక్సిలరోమీటర్‌నీ దిక్సూచి సెన్సర్‌నీ కలిపి జైరోలా నెట్టుకొస్తాయి, కానీ బొమ్మ వణుకుతుంది. ఏ యాప్ వేసినా లేని చిప్ అయితే రాదు, ఈసారి కొనేముందు సెన్సర్ల లైన్‌లో జైరో అని ఉందో లేదో చూసుకోండి.