ఊరి పేరు లేని వలస కథ

అమ్మా,

ఇటాలియన్ల వలస మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. వాక్యం నీకు బాగా నడుస్తుంది, ఆ సంగతి మళ్లీ చెప్పను. కానీ మూడో పేరాలో, న్యూయార్క్ రేవులో వలసవచ్చినవాళ్లను తనిఖీ చేసిన దీవి గురించి చెబుతూ, నీ కథలోని వలసదారుణ్ణి ఉద్దేశించి ‘ఎల్లిస్ ద్వీపంలో అధికారికి నోరు తిరక్క ఆయన పేరే మార్చి రాసేశాడు’ అన్నావే, అక్కడ ఒళ్లు మండింది. అందరూ చెప్పుకునే ఆ కథకు ఆధారం లేదు. ప్రయాణికుల జాబితా నేపుల్స్‌లోనో, జెనోవాలోనో, పలెర్మోలోనో ఓడ ఎక్కేటప్పుడే కంపెనీ గుమాస్తాలు తయారుచేసేవాళ్లు. దీవిలో ఇన్‌స్పెక్టర్ చేతిలో ఉండేది ఆ కాగితమే. అందులోని ప్రశ్నలే మళ్లీ అడిగి, జవాబులు కలుస్తున్నాయా లేదా అని చూసేవాడు. పక్కన దుబాసీలు ఉండేవాళ్లు. తర్వాత న్యూయార్క్ మేయరైన ఫియొరెల్లో లా గార్డియా 1907 నుంచి 1910 దాకా అక్కడ చేసిన ఉద్యోగం అదే. పేర్లు మారింది ఆ తర్వాత: బళ్లో, పనిచేసే చోట, చివరికి పౌరసత్వ దరఖాస్తులో. చాలాసార్లు సొంత ఇష్టంతోనే మార్చుకున్నారు. దాన్ని అధికారి దౌర్జన్యంగా రాస్తే ఆ మనిషి తీసుకున్న నిర్ణయాన్ని ఆయనకు కాకుండా చేసినట్టే.

అంతకన్నా పెద్ద లోపం, ఇన్ని పేజీల్లో ఒక్క ఊరి పేరు లేకపోవడం. ‘ఇటాలియన్లు వెళ్లారు’, ‘ఇటాలియన్లు స్థిరపడ్డారు’. ఏ ఊరివాళ్లు? మన ఇంటికి కొత్తవాళ్లెవరొచ్చినా ముందు అడిగేది ‘మీదే ఊరు’ అనే కదా. 1861లో ఇటలీ రాజ్యం ఒకటైనప్పుడు ఇటాలియన్ మాట్లాడగలిగినవాళ్లు జనాభాలో 2.5 శాతమేనని భాషావేత్త తుల్లియో దె మౌరో లెక్కగట్టాడు. 10 శాతం దాకా ఉండొచ్చన్నవాళ్లూ ఉన్నారు. ఏదైనా కొంచెమే. ఓడ ఎక్కినవాళ్లు తమ ఊరి యాసతో, ఊరివాళ్ల భరోసా మీద బయల్దేరారు. ముందు వెళ్లిన బావమరిది టికెట్ పంపితే ఆయన ఉండే వీధికే చేరారు. న్యూయార్క్‌లో మల్బరీ స్ట్రీట్ నేపుల్స్ వైపు వాళ్లది, కాస్త అవతల ఎలిజబెత్ స్ట్రీట్ సిసిలీ వాళ్లది. ఆస్ట్రేలియాలో ఫ్రీమాంటిల్ రేవు చూడు. అక్కడి ఇటాలియన్ చేపలవాళ్లలో ఎక్కువమంది రెండే ఊళ్ల నుంచి వచ్చారు: సిసిలీలోని కాపో దొర్లాందో, పూలియాలోని మొల్ఫెత్తా. ఏటా పడవలను ఆశీర్వదించే ఉత్సవాన్ని 1948లో అక్కడ మొదలుపెట్టింది మొల్ఫెత్తా వాళ్లే, తమ ఊరి మేరీమాత పేరు మీద. ‘ఇటాలియన్ జాలర్లు’ అని రాసి ఊరుకుంటే ఇదంతా కనిపించకుండా పోతుంది.

సంపాదకులు ఒప్పుకోరు, ముందే చెబుతున్నాను. ఊళ్ల పేర్లు పాఠకుడికి బరువంటూ కొట్టేసి ఆ జాగాలో ‘దక్షిణ ఇటలీ’ అని పెట్టేవాళ్లు ఉంటారు. శీర్షికలో మాఫియా ఉండాలనేవాళ్లు ఇంకొందరు. ఇక ఇప్పటి ఫ్యాషన్ ‘అస్తిత్వం’, ‘మూలాల వెతుకులాట’, ‘రెండు ప్రపంచాల నడుమ’. నీ వ్యాసంలోనూ ఇవి దండిగా ఉన్నాయి. ఒక్క పాత కాగితం కూడా ముట్టుకోకుండా ఈ మాటలతో ఎన్ని పేజీలైనా నింపొచ్చు. అందుకే నాకు వాటి మీద నమ్మకం లేదు. కొట్టేసెయ్.

పని ఇలా మొదలుపెట్టు. మనిషి పేరు, తండ్రి పేరు, పుట్టిన ఏడు, ఊరు. ఈ నాలుగూ చేతిలో లేకుండా ఆర్కైవ్ జోలికి పోవద్దు. పెద్దకొడుక్కి తాత పేరు పెట్టడం అక్కడా ఆనవాయితీ కాబట్టి ఒకే ఊళ్లో ఒకే పేరుతో ఎంతోమంది తగులుతారు. తర్వాత జనన రిజిస్టర్. నేపుల్స్ వైపు 1809 నుంచి, సిసిలీలో 1820 నుంచి ఉన్నాయి. మిగతా దేశంలో చాలాచోట్ల 1866 నుంచే. ఇటలీ ప్రభుత్వ ఆర్కైవుల పోర్టల్ ‘అంతెనాతి’లో చాలా జిల్లాలవి ఉచితంగా చూడొచ్చు. అందులో తేదీలు అంకెల్లో కాక అక్షరాల్లో ఉంటాయి. కాబట్టి వ్యాకరణం కన్నా ముందు సంఖ్యలు, నెలలు, వృత్తుల పేర్లు కంఠతా పట్టు. రేపు నువ్వు ఇటాలియన్ పాఠం చెప్పాల్సి వచ్చినా ఇదే చెయ్యి. వారానికో జనన పత్రం పిల్లల ముందు పెట్టి చదివించు.

ఆ పత్రాల్లో ఒక సంగతి గమనించు. బిడ్డ పుట్టినట్టు చెప్పడానికి మామూలుగా తండ్రే మునిసిపాలిటీకి వస్తాడు. వలసలు జోరుగా సాగిన ఊళ్లలో మంత్రసాని వచ్చి చెప్పినట్టు కనిపిస్తుంది. తండ్రి ఊళ్లో లేడు గనక ఆమె చెబుతోందని గుమాస్తా కారణం కూడా రాసిపెడతాడు. ఒక ఏడాది రిజిస్టర్ మొదటినుంచి చివరిదాకా తిరగేసి అలాంటివి లెక్కపెట్టు. పెళ్లికాని తల్లుల బిడ్డల సంగతి కూడా మంత్రసానే చెప్పడం మామూలు, వాటిని విడిగా తీసెయ్. మిగిలింది చూస్తే ఆ ఏడాది ఊరు ఎంత ఖాళీ అయిందో తెలుస్తుంది. మగవాడైతే ఇరవయ్యేళ్లకు సైన్యం పిలుపు జాబితా ఉంటుంది: ఎత్తు, జుట్టు రంగు, వృత్తి. పేరు ఎదురుగా ‘రెనితెంతే’ అని ఉంటే పిలిచినా రాలేదని. అప్పటికే సముద్రం దాటాడేమో వెతకాల్సింది అక్కడే.

ఓడ జాబితా ఆఖర్న చూడాలి. ఆడవాళ్లను అత్తింటి పేరుతో వెతికితే దొరకరు, ఇటాలియన్ కాగితాల్లో వాళ్లు పుట్టింటి పేరుతోనే ఉంటారు. గీత కొట్టేసిన పేరుంటే చాలావరకు ఓడ ఎక్కలేదనే అర్థం. ‘అక్కడ పని ముందే కుదిరిందా’ అన్న గడిలో వరసగా ‘లేదు’ అనే కనిపిస్తుంది. అది నమ్మి, పని దొరుకుతుందో లేదో తెలియకుండా వెళ్లారని రాశావు. పని ఒప్పందం మీద కూలీలను రప్పించడాన్ని అమెరికా 1885లోనే నిషేధించింది. ‘అవును’ అంటే వెనక్కి పంపేస్తారు, ఆ జవాబు అందరూ నేర్చుకునే వచ్చేవాళ్లు.

నువ్వు వాడిన పెద్ద అంకె, 1876 నుంచి 1915 దాకా దాదాపు 1 కోటి 40 లక్షలు, ప్రయాణాల లెక్క. ఒకే మనిషి మూడుసార్లు వెళ్తే మూడుగా పడతాడు. పైగా చాలా ఏళ్లు లెక్కకు ఆధారం వెళ్లడానికిచ్చిన అనుమతులే గానీ ఓడ ఎక్కినవాళ్లు కాదు. ఎంతోమంది తిరిగి ఊరికే వచ్చారు. ‘దేశం విడిచిన జనం’ అని రాయకు.

మన గల్ఫ్ వలసతో పోలిక ఉంచు. ఏజెంటు, అప్పు, తాకట్టు పెట్టిన పొలం రెండుచోట్లా ఉన్నాయి. అయితే న్యూయార్క్ చేరినవాడికి పౌరసత్వం దారి ఉంది, కరీంనగర్ నుంచి దుబాయ్ వెళ్లిన కూలీకి ఆ దారే లేదు. ఆ తేడా ఒప్పుకోకుండా పోలిక నిలవదు.

ఫెలోషిప్ సంగతి, ఉద్యోగాల సంగతి అడిగావు. వాటికి ఇప్పుడు జవాబు రాయను. ముందు వ్యాసం బాగుచెయ్యి. 1910లో దిగిన మనిషి జాబితాలో నువ్వు జతచేసింది ఎడమ పేజీ ఒక్కటే. 1907 నుంచి ఆ జాబితా రెండు పేజీలకు పరుచుకుంది. టికెట్ ఎవరు కొన్నారు, ఎవరి దగ్గరికి వెళ్తున్నాడు, ఏ వీధి, ఏ ఊళ్లో పుట్టాడు, ఇవన్నీ కుడి పేజీలో ఉంటాయి. అది తీసి చదివి, మొదటి పేరా ఆ వివరాలతో మళ్లీ రాసి, స్కాన్‌తో సహా పంపు.

ఆశీస్సులతో.