టీకాల తయారీలో మా అమ్మాయికి భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి ఖమ్మంలో బీఎస్సీ మైక్రోబయాలజీ చివరి సంవత్సరం చదువుతోంది. నిపా, ఎబోలా వంటి వ్యాధులకు టీకాలు తయారుచేసే రంగంలోకి వెళ్తానంటోంది. ఎంబీబీఎస్ లేకుండా కుదురుతుందా? కొవిడ్ తగ్గిపోయింది కదా, ఉద్యోగాలు ఉంటాయా?

జవాబు: కుదురుతుంది. మనుషులపై పరీక్షలు జరిపే దశలో వైద్యులు తప్పనిసరి. ప్రయోగశాలలో పనిచేసేది మాత్రం ఎక్కువగా ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేసినవారే.

ఇక కొవిడ్ సంగతి. ఇలాంటి టీకాల పని వ్యాధి ప్రబలకముందే సాగాలి. ఎబోలా టీకా కోతులను కాపాడుతుందని 2005లోనే తేలింది. అయినా ఏళ్ల తరబడి అది మూలన పడి ఉంది. 2014లో పశ్చిమ ఆఫ్రికాలో మరణాలు వేలకు చేరాకే అందరూ కదిలారు. 2015లో గినియాలో రోగుల చుట్టూ ఉన్నవారికి వేసి పరీక్షించారు. అనుమతి వచ్చేసరికి 2019. ముందే కదిలి ఉంటే ఎందరు బతికేవారో! ఆ అనుభవంతోనే ఇలాంటి టీకాల తయారీకి ముందుగానే నిధులిచ్చే సెపి అనే అంతర్జాతీయ కూటమి 2017లో మొదలైంది. దాని ప్రాధాన్య జాబితాలో నిపా ఉంది. 2018లో కేరళలోని కోజికోడ్‌ను వణికించిన ఆ వ్యాధికి ఇప్పటికీ అనుమతి పొందిన టీకా లేదు. మీ అమ్మాయి ఎంచుకున్నది నిజంగా చేయవలసిన పని.

జీతం ఇచ్చేది మాత్రం ఎక్కువగా మామూలు టీకాలే. భారత్ బయోటెక్ కొవాగ్జిన్‌కు ముందే రోటావైరస్, టైఫాయిడ్ టీకాలు తెచ్చింది. బయోలాజికల్ ఇ 1953 నుంచీ ఉంది. హైదరాబాద్‌లోని ఇలాంటి సంస్థల్లో తొలి ఉద్యోగాలు సాధారణంగా ఉత్పత్తి, నాణ్యత పరీక్షల విభాగాల్లో దొరుకుతాయి. ప్రతి బ్యాచ్‌నూ పరీక్షించడం, ప్రతి అడుగూ రాసిపెట్టడం విసుగు పుట్టించే పనే. కానీ పసిపిల్లకు వేసే సూది మందు సురక్షితమని చెప్పగలిగేది వారే. దాన్ని పరిశోధనకన్నా తక్కువగా చూడకండి.

ఆమె మనసు పరిశోధన మీదే ఉంటే, పేరుకు ఒక ఎమ్మెస్సీ చేయించవద్దు. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం తోడ్పాటుతో నడిచే కోర్సులకు గ్యాట్-బి, ఐఐటీలకు జామ్ అనే ప్రవేశపరీక్షలు రాయించండి. ఇమ్యునాలజీ (రోగనిరోధక శాస్త్రం)తోపాటు గణాంకశాస్త్రమూ గట్టిగా నేర్చుకోవాలి. మనవాళ్లు ఎక్కువగా వెనకబడేది ఆ రెండో దానిలోనే. తర్వాత సీఎస్ఐఆర్-నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023లో పెంచిన రేటు ప్రకారం నెలకు రూ.37,000 ఫెలోషిప్ ఉంటుంది. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ, ఫరీదాబాద్‌లోని టీహెచ్ఎస్‌టీఐ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ ఆమె దృష్టిలో ఉండాలి.

పీహెచ్‌డీకి అయిదారేళ్లు పడుతుంది. ఆ మధ్యలో పెళ్లి పేరు చెప్పి తొందరపెట్టబోమని ఇప్పుడే ఆమెకు మాటివ్వండి.